మొదట లేచేవాళ్లు

కెర్కేతి ఊళ్లో వాదం మొదలై రెండు రోజులైంది. మూడోరోజు పొద్దు వాలేలోగా తేలిపోవాలని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. తేలాల్సింది ఒక్కటే. ప్రభువు తిరిగొచ్చాక ఈ నేల మీద నిజంగా వెయ్యేళ్లు ఏలుతాడా? లేక యోహాను చూసిన దర్శనంలో ఆ వెయ్యి అనేది మరో సంగతికి పెట్టిన గుర్తా?

నిజంగానే ఏలుతాడనేవాడు కోప్రెస్, ఊరి క్రైస్తవ సంఘానికి పెద్ద. గుర్తేననేవాడు ఇసిదోరు, అలెగ్జాండ్రియా సంఘం పంపిన ముసలాయన. వీళ్లిద్దరి మాటల మధ్య నలిగిపోతున్నది తపేసిస్. ఆరేళ్ల కిందట ప్రతివాళ్లూ దేవతలకు బలి ఇచ్చి, ఇచ్చామని అధికారుల చేత పత్రం రాయించుకోవాలని చక్రవర్తి ఆజ్ఞ వేశాడు. మొక్కనన్న ఆమె భర్త హెరోన్‌ను పక్క పట్టణం అర్సినోయె జైలుకు తీసుకుపోయారు. తల నరికేశారని కబురొచ్చింది. దేహం రాలేదు. ఆ రోజు నుంచి ఆమె ఊరందరికీ హతసాక్షి భార్య, విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడి భార్య. ఆ వేసవిలోనే ఆమె కూడా పక్క ఊరికి వెళ్లి, బలిమాంసం నోట్లో పెట్టుకుని, పత్రం తెచ్చుకుందని ఎవరికీ తెలియదు. అది చూపిస్తే భర్తను వదిలేస్తారని ఎవరో అన్నారు. తీసుకుని పరుగెత్తేసరికే కబురు ఎదురొచ్చింది.

కోప్రెస్ బోధ ప్రకారం మృగానికి, అంటే చక్రవర్తి దేవతలకు, మొక్కనివాళ్లే మొదట లేచి వెయ్యేళ్లు ఏలుతారు. మిగతా వాళ్లు అన్నాళ్లూ మట్టిలోనే ఉంటారు. హెరోన్ లేస్తాడు. తపేసిస్ లేవదు. ఆరేళ్లుగా ఆమె నిద్ర పట్టక లెక్కిస్తున్నది ఆ ఎడబాటునే.

* * *

మూడోరోజు పొద్దున్నే ద్రాక్షగానుగ దొడ్డి నిండిపోయింది. పళ్లు తొక్కే తొట్టి గట్టు మీద కూడా జనం కూర్చున్నారు. తపేసిస్ రాగానే ఆడవాళ్ల మాటలు తగ్గాయి. రోజూ అంతే. అప్పటిదాకా ఎవరి అత్త ఎవరినేమందో చెప్పుకుంటున్నవాళ్లు పైబట్టలు సర్దుకుని, జరిగి దారి ఇచ్చారు. ఆరేళ్లలో ఆమె ముందు ఎవరూ మోటు మాట అనలేదు. ఎవరూ వచ్చి కాస్త ఉప్పుచేప ఉంటే పెట్టమని అడగలేదు. విందులకు పిలిస్తే హతసాక్షి భార్యను ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక, పిలవడమే మానేశారు. సంఘంలో రొట్టె విరిచినప్పుడు మొదటి ముక్క ఆమెదే. ఇంటికొచ్చాక తినే రొట్టె మాత్రం ఒక్కతే తినాలి. హెరోన్ పెంచిన పావురాలకు నూకలు చల్లుతూ వాటితోనే నాలుగు మాటలాడేది.

ముందుగా ఊరివాళ్ల సందేహాలు తీర్చాలని కోప్రెస్ అన్నాడు. అందరికంటే ముందు తెర్మూతి అవ్వ చెయ్యెత్తింది.

"అయ్యగారూ, ఆ వెయ్యేళ్లలో నా పళ్లు నాకొస్తాయా? అంత విందులో నేను గంజి తాగుతూ కూర్చోవాలా?"

"వస్తాయవ్వా. అన్నీ వస్తాయి."

"కిందవి చాలు. పైవాటితో ఉన్నన్నాళ్లూ పోటే."

గాడిదలు తోలే సూఖాస్ లేచి, ఆ వెయ్యేళ్లలో కాలవ పూడిక ఎవరు తీస్తారని అడిగాడు. పూడికే పడదని కోప్రెస్ చెప్పాడు. అయితే రాజ్యం వచ్చిన రోజే తాను గడ్డపార కాలవలో పారేస్తానని సూఖాస్ కూర్చున్నాడు. జనం నవ్వారు. ఇసిదోరు కూడా నవ్వాడు.

ఇసిదోరుకు డెబ్బై దాటాయి. కూర్చునే మాట్లాడతాడు. రెండు రోజుల్లోనూ గొంతు పెంచలేదు, ఎవరినీ వెక్కిరించలేదు. ఎదుటివాడి మాట బాగుంటే బాగుందని ఒప్పుకున్నాడు. కొట్లాట చూద్దామని పొరుగూళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఇది కాస్త నిరాశే.

ఆ పొద్దున ఆయన ఒక చిన్న ప్రశ్న వేశాడు. దర్శనంలో దేవదూత సర్పాన్ని గొలుసుతో కట్టి, అగాధంలో పడేసి, వెయ్యేళ్లపాటు తాళం వేశాడని ఉంది కదా, ఆ గొలుసు ఇనుముదా, ఇత్తడిదా? గొలుసు ఒక పోలిక అన్నాడు కోప్రెస్. మరి సర్పం? అదీ పోలికే. తాళం? పోలికే.

"గొలుసు పోలిక. పాము పోలిక. తాళం పోలిక. వెయ్యి మాత్రం వెయ్యే అంటావు. ఏది పోలికో, ఏది లెక్కో నీకెవరు చెప్పారు నాయనా?"

కోప్రెస్ ఒళ్లోని పుస్తకం చుట్ట విప్పి ఆ వరస వెతకసాగాడు. ఆ సందులో ఇసిదోరు తన మాట నెమ్మదిగా చెప్పుకుపోయాడు. వెయ్యి అంటే నిండుదనం, కొరత లేనితనం అన్నాడు. సర్పాన్ని సిలువ మీదే కట్టేశారు, ఎప్పుడో కట్టబోవడం కాదు. బాప్తిస్మపు నీళ్లలోంచి పైకి రావడమే మొదటి లేవడం. నిద్రించిన పరిశుద్ధులు ఈ పూట, మనం ఇక్కడ కూర్చున్న ఈ గడియలో, ప్రభువుతో ఏలుతున్నారు. ఆ ఏలుబడికి పంచాంగం లేదు. వాళ్లకూ మనకూ మధ్య వెయ్యేళ్ల గోడ కూడా లేదు.

ఆ చివరి మాట దగ్గర తపేసిస్ తలెత్తింది.

కోప్రెస్ లేచాడు. వెనక్కి తిరిగి, అంగీ భుజాల మీది నుంచి కిందికి జార్చాడు. మెడ నుంచి నడుం దాకా వీపు మీద చర్మం దున్నిన చేనులా ఉంది.

"పెద్దయ్యగారూ, నన్ను పోలికతో కొట్టలేదు. తోలు కొరడాతో కొట్టారు. మా నెత్తురు ఈ మట్టిలో కారింది. న్యాయం కూడా ఈ మట్టి మీదే జరగాలి. ఎక్కడో మబ్బుల్లో జరిగితే మాకెలా తెలుస్తుంది?"

దొడ్డి అంతా నిట్టూర్చింది. మంచి మాట అన్నావని ఇసిదోరు తల ఊపాడు.

తపేసిస్ ఎటూ మొగ్గలేకపోయింది. ముసలాయన గెలిస్తే గోడ ఉండదు. కానీ ఆయన రాజ్యంలో హెరోన్‌కు చేతులున్నట్టు లేవు. గూటి నిచ్చెన మీది నుంచి కిందికి చూసి ఆమెను ఆటపట్టించే నోరున్నట్టు లేదు. కోప్రెస్ రాజ్యంలో హెరోన్ చేతులతో, నోటితో, మోకాళ్ల దుమ్ముతో సహా లేస్తాడు. ఆమె లేచేసరికి ఆ రాజ్యమే అయిపోతుంది.

* * *

మధ్యాహ్నం వాదం ఆపారు. అతిథికి భోజనం పెట్టే వంతు ఆ రోజు తపేసిస్‌దే. బార్లీ రొట్టె, పప్పు, ఉల్లిపాయలు తీసుకుని గానుగ పక్క గదికి వెళ్లింది. ఇసిదోరు రొట్టె ముట్టలేదు. సంచిలోంచి ఒక పపైరస్ ముక్క తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

చదవడం వచ్చా అని అడిగాడు. పేర్లు చదవగలనని చెప్పింది.

"అయితే మొదటి వరస చదువు తల్లీ. మిగతాది నేను చదువుతాను."

మొదటి వరసలో ఉన్న పేరు హెరోన్. పాసిస్ కొడుకు. ఊరు కెర్కేతి.

మిగతాది ఆయన తగ్గు గొంతుతో చదివాడు. వయసు ముప్ఫై ఎనిమిది, ఎడమ మోకాలి మీద మచ్చ. ఎప్పుడూ దేవతలకు బలి ఇస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ కళ్లెదుట ఇచ్చి మాంసం రుచి చూశాను, ఆ సంగతి మీరు ధ్రువపరచాలని వేడుకుంటున్నాను. కింద ఇద్దరు అధికారుల సంతకాలు, తేదీ. ఆ తేదీ, హెరోన్ తల నరికారని ఊరు ఏటా దీపాలు పెట్టే రోజుకు మర్నాటిది.

తపేసిస్ వంగి ఆ మొదటి వరస మళ్లీ చదివింది.

ఆయన చెప్పింది ఇది. అలెగ్జాండ్రియా రేవులో మూటలు మోసే మనిషి ఒకడు ఈ శరత్కాలంలో తన దగ్గరికొచ్చి ఈ పత్రం చేతిలో పెట్టాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం, బలి ఇచ్చి పడిపోయిన మిగతావాళ్లతోపాటు ప్రార్థన ఇంటి గుమ్మం బయట నిలబడి, లోపలికి వెళ్లేవాళ్లను తన కోసం ప్రార్థించమని అడుగుతున్నాడు. తక్కువ మాటల మనిషి. భార్య సంగతి ఎత్తలేదు. ఎవరి సంఘంలోవాడో ఆ సంఘం ఒప్పుకుంటే తప్ప మళ్లీ చేర్చుకోకూడదు గనుక కెర్కేతిలో అడుగుదామని పత్రం వెంట తెచ్చాడు. తీరా వచ్చి మొదటి రోజు ప్రార్థనలో కూర్చుంటే, హతసాక్షుల పేర్లలో ఆ పేరే వినిపించింది.

"దీన్ని వాదంలో చూపిస్తే ఈ సాయంత్రమే గెలుస్తాను," అన్నాడు. "అలా గెలవడం నాకు వద్దు. ఇది నీది. చింపేస్తావో, చూపిస్తావో నీ ఇష్టం."

"బతికున్నాడా?"

"నేను బయలుదేరేటప్పటికి ఉన్నాడు."

ఆమె చెవికి ఆఖరి మాట ఒక్కటే ఎక్కింది. ఉన్నాడు. ఆమె ముఖంలో ఒక నవ్వు పాకింది. చాలా కాలంగా వాడక బిగుసుకుపోయిన తలుపు తెరుచుకుంటున్నట్టు అది కాస్త వంకరగా వచ్చింది. ఇసిదోరు ఇంకేదో చెప్పబోయి, ఆ నవ్వు చూసి, నోరు మూసుకున్నాడు.

* * *

కోప్రెస్ కాలవ గట్టున ఒక్కడే కూర్చుని ఉన్నాడు. వాదం ముగిసేదాకా ఉపవాసం అతనికి. హెరోన్‌కు చిన్ననాటి స్నేహితుడు కాబట్టి, సంఘానికి పెద్దయినా ఆమెను వదినా అనే పిలుస్తాడు.

"తల నరకడం నీ కళ్లతో చూశానన్నావు," అంది తపేసిస్.

"చూశాను వదినా."

"ఇది చదువు."

చదివాడు. ఎక్కడిదని అడగలేదు. ఎవరిదని కూడా అడగలేదు. అడగకపోవడంతోనే ఆమెకు సగం తెలిసిపోయింది. మిగతా సగం అతనే చెప్పాడు, నీళ్లవైపు చూస్తూ.

ఇద్దరినీ ఒకే గదిలో పెట్టారు. మొదటి రోజు ఇద్దరూ నిలబడ్డారు. రెండోరోజు హెరోన్ కాళ్లను కొయ్యల మధ్య బిగించి లాగారు. సాయంత్రానికి నీళ్లు అడిగాడు. తర్వాత బలి ఇస్తానన్నాడు. కోప్రెస్ ఇవ్వలేదు. హెరోన్ తల నరికారని ఆ రాత్రే కావలివాడి చేత ఊరికి కబురు పంపాడు. చక్రవర్తి చచ్చాక జైలు తలుపులు తెరిస్తే, బయట గోడ పక్కన నీళ్లు నింపిన సొరకాయ బుర్ర పట్టుకుని హెరోన్ కూర్చుని ఉన్నాడు. అన్ని నెలలూ అక్కడే ఎదురు చూశాడు, ఇద్దరం కలిసి ఇంటికి వెళ్దామని.

"ఏ ముఖం పెట్టుకుని వస్తావని అడిగాను. ఊరంతా జమ్ములో దాక్కుని మాట మీద నిలబడింది, మీ ఆవిడ కూడా మొక్కలేదు, నువ్వొక్కడివే పడిపోయావు అన్నాను. మారు మాట్లాడలేదు వదినా. నీళ్లకాయ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు."

"బతికున్నవాణ్ణి చంపేశావు."

"నీ కోసమే. తల పోయినవాడి భార్య అంటే నిన్ను ఊరు నెత్తిన పెట్టుకుంటుంది. మొక్కినవాడి భార్య అంటే నువ్వు ముట్టిన నీళ్లు కూడా తాగదు."

"నెత్తిన పెట్టుకుంది. పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు."

అతను తల దించుకున్నాడు. కాలవలో ఒక బాతు మునిగి, చాలా దూరాన తేలింది.

"కోప్రెస్, నేను మొక్కలేదని అతనికి నువ్వెలా చెప్పావు?"

"ఊళ్లో అందరూ జైలుకు కబురు పంపారు. నువ్వూ పంపావు."

"అబద్ధం చెప్పాను. పక్క ఊళ్లో అధికారుల ముందు నిలబడి ధూపం వేశాను. కాలేయం ముక్క పెట్టారు, తిన్నాను. ముంజేతి మీద పొయ్యి కాల్చిన మచ్చ ఉందని నా పత్రంలోనూ రాశారు."

అతను ఆమె వైపు తిరిగాడు. కొరడా దెబ్బలు తిన్నప్పుడు కూడా ఈ మనిషి ముఖం ఇలా అయి ఉండదనిపించింది ఆమెకు. అయితే నువ్వు మొదట లేవవు వదినా అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

తపేసిస్ నవ్వింది. ఈసారి గొంతుతో నవ్వింది.

"లేవను. హెరోనూ లేవడు. నీ లెక్కే నిజమైనా సరే, ఇద్దరం ఒక పక్కే. ఆరేళ్లుగా నాకిది తెలిసి ఉంటే ఎంత హాయిగా నిద్రపోయేదాన్ని!"

సాయంత్రం దాకా ఎవరితోనూ అనొద్దని అతను బతిమాలాడు. ఆమె పత్రం మడిచి నడుముకు దోపుకుని దొడ్డివైపు నడిచింది.

* * *

మధ్యాహ్నం తర్వాత కోప్రెస్ మాట్లాడటం మొదలుపెట్టాడు గానీ మాటలు కుదురుకోలేదు. వెయ్యేళ్ల ఏలుబడి నిజమేనని తమ ప్రాంతపు ముసలి బిషప్ చనిపోకముందు రాసిన పుస్తకం చుట్ట విప్పి, ఒకే పేరా రెండుసార్లు చదివాడు. చివరికి చుట్ట ఒళ్లో పెట్టుకుని, మన బిషప్ బోధను నమ్మేవాళ్లు ఆమెన్ అనండి అన్నాడు.

జనం నోరు తెరిచేలోగా తపేసిస్ లేచి నిలబడింది. సంఘంలో ఆడవాళ్లు మాట్లాడరు. కానీ హతసాక్షి భార్యను కూర్చోమనే ధైర్యం ఎవరికీ లేదు.

"హెరోన్ చావలేదు. మొక్కాడు. ఇదిగో పత్రం. నేనూ మొక్కాను, నా పత్రం పావురాల గూట్లో పైవరస కుండలో ఉంది. రేపు పెద్దయ్యగారి పడవలో అతని దగ్గరికి వెళ్తున్నాను. నా కోసం పెట్టిన మొదటి ముక్క ఇకనుంచి వేరేవాళ్లకి పెట్టండి."

గాలికి గానుగ తాడు కొయ్యకు కొట్టుకుంటోంది. కోప్రెస్ ఆమెను ఆపలేదు. ఇసిదోరు కళ్లు మూసుకున్నాడు.

ముందు తెర్మూతి అవ్వ కదిలింది.

"మాంసం సరిగ్గా ఉడకలేదు," అంది. అందరూ ఆమె వైపు తిరిగారు. "నాకు నమలడానికి పళ్లేవి? అలాగే మింగేశాను. అయినా పత్రం ఇచ్చారు. పరుపులో పెట్టి కుట్టేశాను. ఆరేళ్లుగా దాని మీదే పడుకుంటున్నాను, ఒక్క రాత్రి నిద్ర పడితే ఒట్టు."

తర్వాత సూఖాస్ లేచాడు. పక్క ఊళ్లో చుట్టం పెళ్లని చెప్పి వెళ్లానన్నాడు. ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే పత్రం రాయించుకున్నానన్నాడు. నూనె గానుగ ఆడే ఆమె లేచి నిలబడింది, ఏమీ అనలేదు, నిలబడటంతోనే చెప్పింది. ఆమె వెనక భర్త లేచాడు. అతనికి ఈమె సంగతి, ఈమెకు అతని సంగతి తెలియదని వాళ్ల ముఖాలే చెప్పాయి. అధికారులు పక్క ఊళ్లో మూడు వారాలు కూర్చున్నారు. ఆ మూడు వారాల్లో కెర్కేతి మొత్తం ఒక్కొక్కరుగా, ఒకరికి తెలియకుండా ఒకరు, సంతకని, చుట్టాలని, వైద్యమని వెళ్లొచ్చింది. వచ్చాక అందరూ జమ్ములో దాక్కున్నామనే చెప్పుకున్నారు. జైల్లో ఉన్న కోప్రెస్‌కూ అదే కబురు పంపారు.

కూర్చున్నవాళ్ల కోసం కోప్రెస్ కళ్లు వెతికాయి. మగవాళ్ల వైపు, ఆడవాళ్ల వైపు, తొట్టి గట్టు వైపు. పొరుగూరి వాళ్లు తప్ప కూర్చున్నవాళ్లు లేరు. ఈ ఆరేళ్లూ అతను రాజ్యం గురించి చెప్పినప్పుడల్లా ఈ ముఖాలనే అందులో కూర్చోబెట్టాడు. ఎవరి చేతికి ఏ గిన్నె అందిస్తాడో కూడా అనుకున్నాడు.

"అయితే ఆ వెయ్యేళ్లూ ఈ ఊళ్లో నేనొక్కడినేనా?"

ఎవరినీ ఉద్దేశించి అడగలేదు. ఇసిదోరు ఒక్కడే లేచి, కర్ర ఊతంగా దొడ్డికి అడ్డంగా నడిచి, వెళ్లి అతని పక్కన నేల మీద కూర్చున్నాడు. మూడు రోజులు ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఇప్పుడు ఒకే వైపు చూస్తున్నారు. కాసేపటికి కోప్రెస్ పుస్తకం చుట్టేశాడు. రాసినాయన మంచివాడని, ఆయన పాడిన కీర్తనలు తాను చచ్చేదాకా పాడతానని, ఈ పుస్తకం మాత్రం ఇకమీదట సంఘంలో చదవనని చెప్పాడు. మూడోరోజు పొద్దు వాలకముందే తేలిపోయింది.

జనం విడిపోలేదు. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు, భర్తను తిట్టేవాళ్లు తిడుతున్నారు. తపేసిస్ తన చాప మీదే కూర్చుని ఉంది. నూనె గానుగ ఆవిడ వచ్చి, "కాస్త జరుగు తపేసీ," అని, ఆమె జరిగేలోగానే పక్కన కూలబడి, ఆమె భుజం మీద తల పెట్టింది.

* * *

బట్టల మూట, రొట్టెలు, ఒక నీళ్లకాయ. సర్దుకోవడానికి తపేసిస్‌కు అంతకన్నా ఏమీ లేవు. పావురాలను నూనె గానుగ ఆవిడకు అప్పగించింది. ఎండ ఇంకా గోడల మీద ఉండగానే పడవ దగ్గరికి వచ్చింది. ఇసిదోరు పడవలోనే పడుకుని ఉన్నాడు. పొద్దున్నే బయలుదేరుదాం అన్నాడు. ఆమె మూట పెట్టి, గట్టు మీద కూర్చుని, అడగాల్సినవన్నీ అడగడం మొదలుపెట్టింది. సన్నబడ్డాడా? జుట్టు నెరిసిందా? గుమ్మం బయట నిలబడేటప్పుడు చలికి కప్పుకోవడానికి ఏమైనా ఉందా?

ముసలాయన లేచి కూర్చున్నాడు.

"నేను బయలుదేరే ముందు రోజు అతనికి ప్రభువు రొట్టె పెట్టాను తల్లీ."

తపేసిస్ మొదట సంతోషపడింది. గుమ్మం బయట నిలబడేవాడికి రొట్టె పెట్టారంటే చేర్చుకున్నట్టే కదా అనుకుంది. మరి ఊరి సంఘం ఒప్పుకోనిదే చేర్చుకోకూడదని మధ్యాహ్నం ఈయనే కదా చెప్పాడు? ఆ ప్రశ్న అడగబోతూ ఆయన ముఖం చూసింది. అప్పుడు అర్థమైంది. పత్రం తీసుకున్నవాళ్లకు పశ్చాత్తాపపు గడువు తీరకుండా, ఎవరి ఒప్పుదలా అడగకుండా రొట్టె పెట్టేది ఒక్కప్పుడే. ఇక బతకరని తెలిసినప్పుడు.

"జ్వరం. ఛాతీలో పట్టేసింది. గుమ్మం దగ్గరే పడిపోయాడు. ఎవరో రేవువాళ్లు మోసుకుపోయారు."

"మధ్యాహ్నం ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను. నువ్వు నవ్వావు. నోరు రాలేదు."

పట్నం నుంచి ఇక్కడికి పన్నెండు రోజులు. ఇక్కడ మూడు. వెళ్లడానికి వాలు ప్రవాహం కాబట్టి తొమ్మిది చాలునేమో. తపేసిస్ గట్టు దిగి, గుంజకు కట్టిన తాడు ముడి తానే విప్పసాగింది. పడవవాళ్లు భోజనం కూడా కాలేదని గొణిగారు. ఇసిదోరు చెయ్యూపితే లేచారు. ఆమె పడవెక్కింది.

అప్పుడు గట్టు మీది నుంచి కోప్రెస్ దిగి వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. నీళ్లలోకి మోకాళ్ల దాకా వచ్చి పడవ ముక్కు పట్టుకున్నాడు.

"నన్నూ ఎక్కించుకో వదినా."

"వదులు."

"పెద్దయ్యగారికి గుమ్మం ఒక్కటే తెలుసు. రేవు వెనక సందుల్లో హెరోన్ ఉండే గది ఆయనకు తెలియదు. నాకు తెలుసు."

పడవవాడు గెడ ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. ఏటా ఖర్జూరాల కోతయ్యాక పుస్తకాల కోసమని కోప్రెస్ పట్నం వెళ్లి వస్తాడు. ఏటా తిరిగొచ్చి, హతసాక్షి భార్య ఇంటికే ముందు వచ్చి, ఆమెను దీవించి వెళ్తాడు.

"ఏటా చూస్తున్నావా అతన్ని?"

"ఏటా."

తపేసిస్ చాలాసేపు అతని చేతి వైపు చూసింది. చివరికి మూట తీసి తన వైపు జరుపుకుంది, అతను కూర్చునేంత చోటు ఖాళీ అయింది. అతను ఎక్కాడు. తడిసిన అంగీ అంచు పిండుకోలేదు. పడవ కదిలింది. కెర్కేతి గోడలు వెనక్కి జరిగాయి. రెండు వైపులా జమ్ము మొదలైంది.

"పోయినసారి నా గురించి అడిగాడా?"

కోప్రెస్ ఇసిదోరు వైపు చూశాడు. ముసలాయన నీ వంతే అన్నట్టు ముఖం తిప్పుకున్నాడు.

"ఈ ఏడు ఎలాగైనా ఊరికొస్తానన్నాడు వదినా. వచ్చి నీ కాళ్ల మీద పడతానన్నాడు. వస్తే అంతా బయటపడుతుంది. వద్దంటే వినలేదు. నువ్వు పోయావని చెప్పాను. మొక్కకుండా పోయావు, మొదట లేచేవాళ్లలో లేస్తావని చెప్పాను."

తపేసిస్ చేతులు పడవ అంచును పట్టుకున్నాయి.

"ఏడ్చాడా?"

"లేదు. వెయ్యేళ్లంటే ఎన్ని రోజులో లెక్కగట్టి చెప్పమన్నాడు."